బుల్లెమ్మ దాటాల్సిన కట్ట

మా గురువు నీలాద్రయ్య గారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఇది ఆయన అలవాటు. వైరాగ్యం ఎలా కలుగుతుందండీ అని అడిగిన పాపానికి నేను పదకొండేళ్ళుగా ఆశ్రమంలో పప్పు ఉడకేస్తున్నాను. వైరాగ్యం సంగతి దేవుడెరుగు, పొయ్యి ముందు కూర్చున్నవాడికి నోరు మాత్రం పెరుగుతుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు మధ్యమధ్య నా గొణుగుడు వినబడితే మన్నించాలి.

ఆశ్రమమంటే పెద్ద మఠమేమీ కాదు. తూర్పు కనుమల్లో మొగిలేరు అనే కొండ ఏటి ఒడ్డున మూడు తాటాకు పాకలు. ఎదురుగా ఇప్పమెట్ట అనే కొండరెడ్ల గూడెం, ఇరవై ఇళ్ళు. ఆ యేడు తొలకరికి ముందు భీమశంకరం వచ్చాడు. అతను గురువుగారి శిష్యుడే, ఉద్యోగరీత్యా ఇంజనీరు. వచ్చినవాడు కాళ్ళైనా కడుక్కోకుండా సంచీలోంచి ఒక పెద్ద పటం తీసి గురువుగారి ముందు పెట్టాడు.

"గురువుగారూ, ఈ ఏటి మీద నలభై మీటర్ల ఎత్తు ఆనకట్ట కడదామని మా శాఖ ప్రతిపాదన. ఎల్లుండికి నేను సంతకం పెట్టి పంపాలి. కింద మెట్టలో ముప్పై ఊళ్ళకు నీళ్ళొస్తాయి. గూడెం వాళ్ళేమో చేపలు పైకి ఎక్కలేవు, కట్టొద్దంటున్నారు. మనుషుల దాహం ముందు చేప ఎంతండీ? చేపల కోసం ఆపమనడం ధర్మమేనా?"

కుర్రాడు ఊరికే అడగలేదు. ఆ ముప్పై ఊళ్ళలో ఒకటి అతనిదే. వాళ్ళమ్మ రెండు మైళ్ళు నడిచి బిందెడు నీళ్ళు తెచ్చేదట. ఆ మోతతోనే నడుం వంగి, చివరిదాకా నిటారుగా నిలబడలేక పోయిందట. నిజం చెప్పొద్దూ, నా మనసు కూడా అతని వైపే మొగ్గింది.

గురువుగారు పటం వైపు చూడనే లేదు. "రేపు గూడెం వాళ్ళు ఏట్లో రాళ్ళ కట్ట కడుతున్నారు. వెళ్ళి సాయం చెయ్యి" అన్నారు. ఇంకేముంది, పని వచ్చేసింది.

ఆ కట్ట గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఏటా వానలకు ముందు ఇప్పమెట్ట వాళ్ళు ఏటికి అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, మోకాలెత్తు రాళ్ళు పేరుస్తారు. నడిమధ్యన మాత్రం ఖాళీ వదులుతారు. దాన్ని వాకిలి అంటారు. తొలి వానకు ఏరు ఎర్రబడగానే గుడ్లతో ఉన్న చేపలు ఏటికి ఎదురెక్కి, ఆ వాకిట్లోంచి పైనున్న చల్లటి మడుగుల్లోకి పోతాయి. అప్పుడు ఎవరూ వాటి జోలికి పోరు. గుడ్లు పెట్టి దిగి వచ్చేటప్పుడే కట్ట పక్కన వెదురుబుట్టలు పెట్టి కావలసినన్ని పట్టుకుంటారు. వానాకాలమంతా, జొన్న చేతికొచ్చేదాకా, వాళ్ళకదే కూర.

వాకిలి ఎంత వెడల్పుండాలో కొలవడానికి వాళ్ళకు కర్రా తాడూ లేవు. గూడెంలో కడుపుతో ఉన్న మనిషి చంకన కడవ పెట్టుకుని, కింది నుంచి పైకి, నీళ్ళలో నడిచి దాటాలి. పక్కకు తిరక్కూడదు, మోచెయ్యి రాయికి తగలకూడదు, కట్ట ఎక్కకూడదు. ఒకసారి ఏట్లో దిగాక వెనక్కి మళ్ళకూడదు. ఆమె సుఖంగా దాటిందంటే వాకిలి చాలినట్టు. ఆ యేడు దాటాల్సినది బుల్లెమ్మ, ఏడో నెల. అంతకుముందు రెండు కానుపులు నిలవలేదు. ఈ దాటుడైనా చక్కగా జరిగితే బిడ్డ నిలుస్తుందని ఆ పిల్ల పది రోజుల నుంచి కనబడిన చెట్టుకల్లా మొక్కుతోంది.

మర్నాడు భీమశంకరం పంచె ఎగగట్టి ఏట్లో దిగాడు. పనిమంతుడు, కాదనను. ఏ రాయి ఏ రాయి మీద కూర్చుంటుందో చూడగానే చెప్పేవాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కట్ట దాదాపు అయిపోయింది. గూడెం వాళ్ళు అంబలి తాగడానికి చింతచెట్ల నీడకు వెళ్ళారు. ఇతను మాత్రం వెళ్ళలేదు. నడిమధ్యన ఖాళీ అతని కంటికి కట్ట పూర్తికానట్టు కనబడింది. కట్టలో కంతుంటే ఇంజనీరుకు అన్నం సయించదు కదా! ఎవరినీ అడక్కుండా పెద్ద పెద్ద రాళ్ళు దొర్లించి, సందుల్లో చితకరాళ్ళు కొట్టి, బంకమన్ను మెత్తి, వాకిలిని నిండుగా మూసేశాడు.

నేను ఒడ్డునే ఉన్నాను. "అయ్యో బాబూ!" అనబోయాను. పక్కనే కూర్చున్న గురువుగారు నావైపొక చూపు చూశారు. నోరు మూసుకున్నాను. అప్పుడు ఆయన మీద నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ కొంచెం మండుతూనే ఉంది.

అంబలి తాగి గూడెం వాళ్ళు తిరిగొచ్చారు. కట్ట వెనక నీళ్ళు జానెడు పెరిగి నిలిచాయి. భీమశంకరం మట్టిచేతులు దులుపుకుంటూ, "చూశారా, చుక్క పోదు" అన్నాడు. సామి అని వాళ్ళు పిలిచే గురువుగారి దగ్గరకొచ్చిన చుట్టాన్ని తప్పు పట్టడం వాళ్ళలో లేదు. గూడెంలో కానుపులు చేసే ముసలావిడ గంగులమ్మ మాత్రం కట్టను ఒకసారి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసి, "మా బాగా కట్టావు బాబూ" అంది. అని, వెనక్కి తిరిగి బుల్లెమ్మను పిలిచింది.

బుల్లెమ్మ తలంటుకుని, పసుపు రాసుకుని, చంకన కడవతో కింద ఒడ్డున ఏట్లో దిగింది. నీళ్ళలో అడుగు తడుముకుంటూ కట్ట దాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా రాళ్ళు. అటు చూసింది, ఇటు చూసింది. సరిగ్గా అప్పుడే పైన కొండ మీద ఉరిమింది. వాన ముందు అక్కడ పడుతుంది, ఒక గంటకు నీళ్ళు ఇక్కడికి దిగుతాయి. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

భీమశంకరానికి ఏమీ అర్థం కాలేదు. "ఎక్కి దాటమ్మా, మోకాలెత్తే కదా!" అన్నాడు.

"కడుపుతో ఉన్నది కట్ట ఎక్కదు బాబూ" అంది గంగులమ్మ.

"పోనీ ఒడ్డెక్కి చుట్టూ తిరిగి రమ్మనండి."

దానికి బుల్లెమ్మే జవాబు చెప్పింది. ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. "నేను ఒడ్డు మీంచి రాగల్ను బాబూ. నా ఎనకాల వచ్చేవి రాలేవు."

అతను కట్ట వైపు చూశాడు. తాను కట్టినదాని వైపు అంతసేపు చూసిన ఇంజనీరును నేను మరెక్కడా చూడలేదు. మరుక్షణం ఏట్లోకి దూకి రాళ్ళు పీకడం మొదలుపెట్టాడు. కొట్టిన చితకరాళ్ళు ఒక పట్టాన ఊడి రావే! అంత గట్టిగా కట్టాడు మహానుభావుడు. గోళ్ళు చిట్లి నెత్తురొచ్చింది. గూడెం మగవాళ్ళు సాయానికి దిగబోతే గంగులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. రాయి పెట్టిన చెయ్యే దాన్ని తియ్యాలట, అది వాళ్ళ పద్ధతి. రెండోసారి ఉరిమేసరికి బుల్లెమ్మ కడవను గట్టిగా పొదువుకుని కొండ వైపు చూసింది. అప్పుడు గురువుగారు లేచి, కర్ర పొడుచుకుంటూ ఏట్లో దిగి, వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడ్డారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఆమె ఆయన భుజం పట్టుకుంది.

"అయిందా అమ్మా? చాలునా?" అన్నాడు భీమశంకరం రొప్పుతూ. ఆమె ఒక అడుగు వేసి చూసింది. మోచెయ్యి తగులుతుందని తల అడ్డంగా ఊపింది. అతను ఇంకో రాయి తీశాడు. మళ్ళీ అడిగాడు. ఇంకోటి తీశాడు. ముప్పై ఊళ్ళకు నీళ్ళ లెక్క కట్టినవాడు చదువురాని ఒక ఆడపిల్లను చాలునా తల్లీ, చాలునా అని అడుగుతూ ఏటి మధ్యన నిలబడ్డాడు. నాలుగోసారికి ఆమె నిటారుగా, పక్కకు తిరక్కుండా, కడవతో సహా దాటింది. గట్టెక్కగానే గంగులమ్మ ఆమెను కావలించుకుంది. గూడెం అంతా ఒక్కసారి గోల చేసింది. నేనూ చేశాను, సిగ్గెందుకు!

ఆ తర్వాత కొంతసేపటికి ఏరు ఎర్రబడింది. వానలో తడుస్తూ అందరం ఒడ్డునే కూర్చున్నాం. మొదటి చేప వచ్చింది. మూరెడుంటుంది, పొట్ట ఉబ్బి ఉంది. వాకిలి ఎక్కడుందో తెలియక రాళ్ళ మీదకి ఎగిరి, కొట్టుకుని, వెనక్కి పడింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ పడింది. మూడోసారి నీటి తోపు తెలిసి పక్కకు జరిగి, బుల్లెమ్మ దాటిన చోటునుంచే పైకి పోయింది. దాని వెనక రెండు, ఆ వెనక లెక్కలేనన్ని. పిల్లలు ఒక్కటంటే ఒక్కదాని మీద చెయ్యి వెయ్యలేదు.

భీమశంకరం నెత్తురోడుతున్న వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. "నేను సర్వేకి ఎండాకాలం వచ్చానండీ" అన్నాడు. "ఏట్లో చీలమండ లోతు నీళ్ళు. చేపలు అన్న గడిలో, చెప్పుకోదగ్గవి లేవు అని రాశాను." కళ్ళు తుడుచుకున్నాడు. వానలో అది కన్నీరే అని నాకెలా తెలుసంటారా? తెలుసు. మళ్ళీ, "మరి మా ఊరి దాహం మాటేమిటండీ? మా అమ్మ మాటేమిటి?" అన్నాడు. ఆ ప్రశ్నలో ముందటి పట్టుదల లేదు, బాధ మాత్రం అంతే ఉంది.

గురువుగారు అతని చేతిని తన పైపంచె కొంగుతో చుట్టారు. నేను ఆయన దగ్గర పదకొండేళ్ళున్నానా, అడిగినదానికి అడిగిన రోజున మాట రావడం అదే మొదటిసారి వినడం.

"మీ అమ్మ బిందె బరువు చిన్నదని నేననను నాయనా. పాకలోకి వెళ్ళాక ఆ పటం పరుచు. నలభై మీటర్ల కట్టకు బుల్లెమ్మ ఎటునుంచి దాటాలో గీసి, ఆమెకు చూపించు. చాలంటే సంతకం పెడుదువుగాని."