క్షవరంలో తట్టిన ఉపాయం

వెనకటికి కంచుగుట్ట అనే రాజ్యాన్ని రణభైరవుడనే రాజు ఏలేవాడు. రాజ్యం చిన్నది, ఆయన మీసాలు మాత్రం పెద్దవి. కూతురి పెళ్ళికని వెయ్యిమందికి సరిపడా వంట వండే రాగి గంగాళం చేయించాడు. తీరా కంచరివాళ్ళు పని ముగించాక చూస్తే, అది కొలిమిశాల గుమ్మంలోంచి బయటికి రాదు. గోడ పడగొడదామంటే, తాతగారు కట్టించిన గోడట! గంగాళం కోయిద్దామంటే అపశకునమట!

కొలువులో తెలివైనవాడని పేరున్న తిప్పనను రాజు పిలిపించాడు.

"తిప్పనా, కిందటి నెల నా ఉంగరం దొంగను పట్టే ఉపాయం నీకెప్పుడు తట్టింది?"

"క్షవరం చేయించుకుంటుంటే ప్రభూ."

"అయితే కూర్చో. పోలయ్యా, కత్తి తియ్యి! ఉపాయం తట్టేదాకా గీస్తూనే ఉండు. ఎల్లుండి పొద్దుగూకేలోగా తట్టకపోతే, తిప్పనా, నీ మాన్యం వెనక్కి తీసుకుంటాను."

ఆ మాన్యమే తిప్పన ఇంటిల్లిపాదికీ తిండి. చేసేది లేక తల వంచి కూర్చున్నాడు.

క్షురకుడు పోలయ్య చేతిలో మొదటిరోజు గడ్డం పోయింది. రెండోరోజు జుట్టు పోయింది. మూడోరోజు పొద్దున కనుబొమలు కూడా పోయాయి. పైగా రాజు ఎదురుగా పీట వేసుక్కూర్చుని, "తట్టిందా? ఇప్పుడో?" అంటూ ప్రాణం తోడేస్తున్నాడు. ఏదో ఆలోచన తల ఎత్తబోవడం, ఆ గొంతు వినగానే పారిపోవడం! తిప్పనకు ఒళ్ళు మండిపోయింది. ఈ మహానుభావుడికి ఎలా చెప్పి చావను అనుకున్నాడు.

మధ్యాహ్నానికి చివాలున లేచాడు.

"తెలిసింది ప్రభూ! ఉంగరం పోయినప్పుడు అనుమానం నా మీద పడింది. బెంగ నాదే, క్షవరమూ నాకే. ఇప్పుడు బెంగ తమదైతే క్షవరం నాకేమిటి? పోలయ్యా, ప్రభువుల మీసాలతో మొదలెట్టు."

"మీసాలా!"

"పోనీ వద్దులెండి. కూతురి పెళ్ళికంటే రాజుగారికి మీసాలే ఎక్కువని జనం అనుకుంటే అనుకోనీండి."

రాజు పళ్ళు నూరుతూ కూర్చున్నాడు. కత్తి పైపెదవికి చల్లగా తగిలేసరికి ఆయనకు గంగాళం సంగతే గుర్తులేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అంతలోనే కేకపెట్టాడు.

"ఆగరా! అది బయటికి రావడమెందుకు? అక్కడే వండించి, బిందెలతో పందిట్లోకి మోయిస్తే సరిపోదూ! తిప్పనా, ఇంత తేలికది నీకెందుకు తట్టలేదయ్యా?"

"మీసం బెంగలో తమరు గంగాళాన్ని కాసేపు మరిచిపోయారు, అందుకే తట్టింది. నన్ను తమరు ఒక్క క్షణమైనా మరిచిపోనిచ్చారా?"

రాజు తడిమీసాలు తడుముకుని, తిప్పన వాలకం చూసి పగలబడి నవ్వాడు. మాన్యానికి మరో మడి చేర్చి, ఆ గుండు మీద స్వయంగా జరీ తలపాగా చుట్టాడు.

"ఇంకేం కావాలో కోరుకో."

"ఈసారి నన్ను సలహా అడిగితే, అడిగిన వెంటనే తమరు వేటకు వెళ్ళిపోండి ప్రభూ!"