కోటిలింగం కొలిమి, పక్కింటి ఊయల

కోటిలింగం కొలిమి వెలిగిస్తే వీధి వీధంతా అదిరిపోయేది. ఆయిల్‌తో మండే కొలిమి, దానికి గాలి కొట్టే బ్లోయరు. గుడి గంటలు పోసేందుకు కంచు కరగాలంటే ఆ మాత్రం హోరు ఉండాల్సిందేనని అతని నమ్మకం. హోరెత్తితేనే వేడెక్కినట్టు అనేవాడు. కొలిమి పెట్టినవాళ్ళంతా అలాగే అంటారు లెండి.

గోడ అవతల సింహాద్రమ్మకు మనవరాలు పుట్టాక వచ్చింది తంటా. పసిగుడ్డు కన్ను మూయదు. పాలు తాగుతూ తాగుతూ ఉలిక్కిపడి వదిలేస్తుంది. "ఒరే, శుక్రవారంలోగా ఆ గోల తగ్గకపోతే నీ కొలిమిలో నేనే నీళ్ళు పోస్తా" అని ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళింది. అన్నంత పనీ చేసే మనిషి.

కోటిలింగం ఊరుకున్నాడా? గోడ ఎత్తు పెంచాడు. తడి గోనెలు వేలాడదీశాడు. తలుపు సందుల్లో కొబ్బరి పీచు కుక్కాడు. అబ్బే, పాప ఏడుపు ఆగితేనా! గురువారం పొద్దున్నే, తనకు పోతపని నేర్పిన లతీఫ్ సాహెబ్ ఇంటికి పరుగెత్తాడు.

"ఉస్తాద్, ఆ గోడ ఇంకెంత లేపమంటారు?"

పెద్దాయన తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. "పద, చూద్దాం."

వచ్చాక గోడ వైపు కన్నెత్తయినా చూడలేదు. కొలిమి వెలిగించమన్నాడు. ఎప్పటిలాగే హోరు లేచింది. మూత మీద మూరెడు మంట ఎగిరింది.

"ఇక్కడ నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళి ఆ పాప పక్కన కూర్చో."

"నేనా? అక్కడ నాకేం పని ఉస్తాద్?"

"ఎప్పుడైనా వెళ్ళావా?"

వెళ్ళలేదు. తల గోక్కుంటూ బయలుదేరాడు.

"రా నాయనా, నీ కచేరీ నువ్వే విందువుగాని" అంది సింహాద్రమ్మ.

ఊయల పక్కన చెంబులో నీళ్ళు వణుకుతున్నాయి. పాప పిడికిళ్ళు బిగించి, ముఖం కందిపోయేలా ఏడుస్తోంది. ఇంత చప్పుడా నాది, అనుకున్నాడు కోటిలింగం. చచ్చేంత సిగ్గేసింది.

అంతలో హోరు దిగడం మొదలైంది. కొంచెం ఆగింది, మళ్ళీ దిగింది. ఒకచోటికి వచ్చేసరికి పాప ఏడుపు వెక్కిళ్ళుగా మారింది. పిడికిలి విప్పుకుంది. కళ్ళు మూతలు పడ్డాయి. సింహాద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలా చూస్తుండిపోయింది.

కొలిమి ఆరిపోయిందేమోనని కోటిలింగం కంగారుపడ్డాడు. ఒక్క పరుగున ఇవతలికి వచ్చాడు.

కొలిమి ఆరలేదు. ఉస్తాద్ గాలి వదిలే పిడీ, ఆయిల్ వదిలే పిడీ రెండూ తిప్పి తగ్గించి వాటి దగ్గరే కూర్చున్నాడు. మంట మూత దాటి బయటికి రావడం లేదు, లోపలే తిరుగుతోంది. కాస్త ఆలస్యమైతే అయింది గానీ మూసపాత్రలో కంచు కరగడం మొదలుపెట్టింది.

"కరుగుతోందే!" అన్నాడు కోటిలింగం.

"కరగదని ఎవరు చెప్పారు?"

కోటిలింగం పిడుల దగ్గరికి వంగి చూశాడు. 

"ఈ పిడులు ఎక్కడ ఆపాలో చెప్పండి ఉస్తాద్, గుర్తు పెట్టుకుంటా."

"నన్నెందుకు అడుగుతావు బేటా? అవతల పడుకున్నదాన్ని అడుగు."

కోటిలింగం చెప్పులు విప్పి చేత పట్టుకుని, చప్పుడు కాకుండా మళ్ళీ గోడ అవతలికి నడిచాడు.