పక్షుల కొండెక్కిన పోలమ్మ

అనగనగా ఒక సముద్రం. దాని ఒడ్డున నిటారుగా ఒక రాతికొండ. కొండ వెనక గుట్టరేవు అనే పల్లె. ఏటా శరదృతువు రాగానే ఎక్కడెక్కడి సముద్రపు పక్షులో వచ్చి ఆ కొండ అంచుల మీద విడిది చేసేవి.

వాటిని చూడడానికి మగవాళ్లు వేకువనే డప్పులు కొట్టుకుంటూ కొండకు నడిచేవారు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు అంబలి కాచి ఉంచేవారు. గుంపులుగా లేచి ఎగిరే పక్షుల వైభవం మొగుళ్ల నోట విని సంతోషించేవారు.

కొత్తగా కాపురానికొచ్చిన పోలమ్మకు వినడం చాల్లేదు. కళ్లారా చూడాలనిపించింది.

"మావా, నేనూ వస్తాను," అంది మొగుడు దానయ్యతో.

"నీ గాజుల చప్పుడుకు పక్షులు బెదురుతాయే," అన్నాడు.

మర్నాడు గాజులకు గుడ్డ చుట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆ ఎర్రచీర చూస్తే అవి వాలనే వాలవు," అన్నాడు.

మూడోనాడు బూడిదరంగు చీర కట్టింది.

"నీ దగ్గర పొయ్యి పొగ వాసన. పక్షులకు గిట్టదు."

"మీ చుట్టల వాసన గిట్టిందేం మరి?"

దానయ్య వినపడనట్టు వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు పోలమ్మ ఎవరినీ అడగలేదు. అందరికన్నా ముందే బయలుదేరింది. గడ్డి మీద మంచు పాదాలకు చల్లగా తగిలింది. కొండ అంచున కూర్చుంది. తూర్పు ఎర్రబడుతుంటే తెల్లని పక్షులు చేతికందేటంత దూరంలో వాలి, రెక్కలు సవరించుకున్నాయి. పోలమ్మ ఊపిరి కూడా మెల్లగా తీసింది.

ఇంతలో డప్పులు, ఈలలు, కేకలతో మగవాళ్ల గుంపు వచ్చింది. పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"చూశారా! ఆడది కొండెక్కింది, పక్షులు పోయాయి!" అన్నాడు ఊరిపెద్ద అప్పన్న. "దిగమ్మా. ఇకమీదట ఏ ఆడదీ ఇటు రాకూడదు."

ఇప్పుడు దిగితే ఇక ఎన్నటికీ ఎక్కలేనని పోలమ్మకు తెలుసు.

"సరే పెద్దయ్యా. ముందు మీరంతా దిగి, కిందనుంచి చూడండి. నేనొక్కదాన్నే ఇక్కడుంటాను. పక్షులు రాకపోతే జన్మలో కొండ ముఖం చూడను."

నవ్వుకుంటూ దిగారు అందరూ. డప్పులు ఆగాయి. అలల చప్పుడు మిగిలింది. ఒక పక్షి వాలింది. వెనకే నాలుగు. చూస్తుండగానే పోలమ్మ చుట్టూ కొండంతా తెల్లబడింది.

"ఇవాళ గాలివాటం అలా ఉంది," అన్నాడు అప్పన్న మీసం సవరించుకుంటూ. ఈసారి నవ్వింది దానయ్య.

మర్నాటి వేకువ ఊరి ఆడవాళ్లంతా కొండకు నడిచారు. దానయ్య చప్పుడు చేయకుండా వచ్చి పోలమ్మ పక్కన కూర్చున్నాడు. ఒక్క పక్షీ బెదరలేదు.

వద్దనడానికి రోజుకో కారణం చెబుతున్నారంటే, వాటిలో ఒక్కటీ అసలు కారణం కాదని తెలుసుకోవాలి.