వచ్చే ఏడాది లాగు

ఆ ప్యాంటు అట్లా పైకి లాక్కుంటూ పక్కమీద దొర్లమాకురా నాన్నా, నాకు చూడబుద్ధి కావడం లేదు. మీ అమ్మ కొన్నదేనా? ఇద్దరు పట్టేట్టుంది. వచ్చే ఏడాదికి సరిపోతుందిలే అన్నదా? అంటుంది, ఎందుకనదు. ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు. సరే, కాళ్ళు చాపుకో, దుప్పటి కప్పుతాను, కథ విను. ఊ కొట్టకపోతే మధ్యలోనే ఆపేస్తా, ముందే చెబుతున్నా.

అనగా అనగా, రైలు వెళ్ళడమే గానీ ఆగని ఊరొకటి. ఆ ఊళ్ళో ఒక సన్నటి పిల్లాడు. చీపురుపుల్లకు చొక్కా తొడిగినట్టు ఉండేవాడు. పేరు లేక కాదు, ఆ పేరుతో ఎవరూ పిలవరు. అందరికీ సన్నోడే. ఇంట్లో తిండి పెట్టలేదనుకునేవు, గిన్నెడు అన్నం తినేవాడు. అదెటు పోయేదో దేవుడికే తెలియాలి, నడుముకు మాత్రం పట్టేది కాదు.

సన్నోడికి ఒకటే పిచ్చి, పరుగు. ఇంటి దగ్గర గోచీ పెట్టుకుని తిరిగేవాడు. గూడ్సు బండి కూత వినబడితే చాలు, చేతిలో ముద్ద కంచంలో పడేసి చేలగట్టు మీద దాని వెంట పడేవాడు. గార్డు పెట్టె దాటేదాకా వదిలేవాడు కాదు. ఆ గార్డు కూడా వీణ్ణి చూసి చూసి, నవ్వి జెండా ఊపేవాడు.

అప్పుడు ఒకరోజు బళ్ళో పంతులుగారు ఒక సంగతి చెప్పారు. పట్నంలో పిల్లలకు పరుగుపందెం పెడుతున్నారట. ముందు వచ్చిన ముగ్గురిని ఆటల బడిలో చేర్చుకుంటారట. అక్కడే తిండి, అక్కడే చదువు, కాళ్ళకు బూట్లు కూడా వాళ్ళే ఇస్తారట. కాకపోతే గోచీలు పనికిరావు, ఖాకీ లాగు వేసుకుని రావాలి. ఇక సన్నోడు ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు లాగు కుట్టించమ్మా, నేను పోతాను అని తల్లి కొంగు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు.

ఆ తల్లి చెడ్డదేం కాదు. గట్టిది. ఒక చీర నాలుగేళ్ళు కట్టే మనిషి. చిరుగు కనబడితే ఆ పూటే కుట్టేసుకునేది. వేరుశనక్కాయలు ఒలిచిన కూలితో ఖాకీ గుడ్డ కొని, పిల్లాణ్ణి వెంటబెట్టుకుని దర్జీ సుభానీ దగ్గరికి పోయింది.

సుభానీ అంటే ఏమనుకున్నావు! కిరాణా కొట్టు అరుగు మీద మిషను వేసుకుని కూర్చునేవాడు గానీ, ఆయన చేతిలో ఏదో ఉంది. బొజ్జ కరణంగారికి ఎక్కడ కుట్టించినా ప్యాంటు బొజ్జ కిందికి జారేది. సుభానీ కుడితే నిలిచింది. తపాలా బంట్రోతు తాటిచెట్టంత ఉండేవాడు, వాడి ప్యాంట్లన్నీ పిక్కల దాకానే. సుభానీ కుడితే మడమ దాకా వచ్చింది. రైలుగేటు కాపరికి పాపం ఒక కాలు పొట్టి. సుభానీ కుట్టిన ప్యాంటు వేసుకుని నిలబడితే ఏ కాలు పొట్టిదో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఎవరి ఒళ్ళు ఎట్లా ఉంటే అట్లా కుట్టేవాడురా ఆ మారాజు, ఒంటిని తప్పుపట్టేవాడు కాదు.

అప్పుడు సుభానీ సన్నోడి నడుముకు టేపు చుట్టబోయాడు. తల్లి టేపు పట్టుకుని ఆపింది. ఎదిగే పిల్లాడికి కొలతేందయ్యా అంది. వచ్చే ఏడాదికీ రావాలి, ఆపై ఏడాదికీ రావాలి, వదులుగా కుట్టు, కింద నాలుగు వేళ్ళు మడిచిపెట్టు అంది. మా కాలంలో అందరు తల్లులూ అదే మాట అనేవాళ్ళులే. బిగువుగా కుట్టిస్తే పిల్లాడు ఎదగడని కూడా అనేవాళ్ళు కొందరు, చాదస్తం కాకపోతే.

సుభానీ మెల్లిగా, "అక్కా, వీడు పరిగెత్తేది ఈ నెల్లో గదా. ఎదిగాక వేసుకునేది ఎదిగాక కుడతాను," అన్నాడు.

తల్లికి కోపం వచ్చింది. గుడ్డ నాది, పిల్లాడు నావాడు, చెప్పినట్టు కుట్టు అంది. ఆయన టేపు మెడలో వేసుకుని, చెప్పినట్టే కుట్టాడు.

లాగు వచ్చింది. వేస్తే గంప బోర్లించినట్టు ఉంది. సన్నోడు నాలుగడుగులు వేస్తే అది నాలుగడుగులూ కిందికి వచ్చేది. తల్లి మాత్రం ఊరుకుందా? ముందు పిన్నీసు పెట్టింది. అది ఊడి పొట్టలో గుచ్చుకుంది. ఆ తర్వాత వాళ్ళ నాన్న బెల్టు కట్టింది. అది రెండు చుట్లు తిరిగి, కొస తోకలాగా వేలాడింది. బళ్ళో పిల్లలు కోతి అని ఏడిపించారు. వాడు ఏడుస్తూ వచ్చి విప్పి పారేశాడు. ఆ తర్వాత మొలతాడు మీదుగా లాగు మడిచి, మడత మీద మడత దోపింది. ఇది నిలిచింది. చూశావా, దీనికింత గోలా అని తల్లి మురిసిపోయింది.

పందెం రోజు ఇద్దరూ బస్సెక్కి పట్నం పోయారు. మైదానం నిండా పిల్లలు. సున్నం గీత మీద సన్నోణ్ణి నిలబెట్టారు. విజిల్ వేశారు. అప్పుడు చూడాలిరా నువ్వు! గూడ్సు బండి వెంట పడ్డట్టే పడ్డాడు. వెనక ఎవరున్నారో వాడికి పట్టలేదు. సగం దూరం దాటాడు, మూడొంతులు దాటాడు, వాడే ముందు.

అప్పుడు మొలతాడు పుటుక్కున తెగింది.

లాగు తొడల దాకా జారింది. రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతులు కదలకపోతే పరుగేం సాగుతుంది, నువ్వే చెప్పు. అయినా ఆగలేదురా తండ్రీ. లాగు పట్టుకునే పరిగెత్తాడు. ఒకడు దాటిపోయాడు. ఆ తర్వాత ఇంకొకడు. గీత దగ్గరికి వచ్చేసరికి మూడోవాడూ దాటిపోయాడు. చుట్టూ జనం పడీ పడీ నవ్వారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, వాళ్ళకేం తెలుస్తుంది.

ఊ కొట్టడం మానేశావేం? ఆ పిల్లాడు ఎవరంటావా? మీ పెద్దమామయ్యే. మరి ఆ తల్లి ఎవరో వేరే చెప్పాలా. నేనే. అట్లా చూడమాకు, ఉన్నమాటే చెప్పాను.

నేననుకున్నట్టు మీ మామయ్య ఎదిగాడు, కాదనను. నిలువునా ఎదిగాడు. నడుము మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ ఇంచుమించు అంతే. ఇప్పటికీ కొట్లో కొన్న ప్యాంటు పొడుగు సరిపోతే నడుములో ఇంకొకడు పడతాడు, నడుము సరిపోతే చీలమండలు కనబడతాయి. ఆ సంగతి అట్లా ఉంచు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని.

మర్నాడు పొద్దున్నే వాణ్ణీ, ఆ లాగునూ తీసుకుని సుభానీ దగ్గరికి పోయాను. కొలత తీసుకో తమ్ముడూ, వీడి ఒంటికి ఎంత కావాలో అంతే కుట్టు అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదిరా, కాస్త బరువు తగ్గేది. కుట్లన్నీ విప్పాడు, టేపు చుట్టాడు, కత్తిరించాడు, అక్కడికక్కడే మిషను మీద కుట్టి ఇచ్చాడు.

మీ మామయ్య వేసుకున్నాడు. అచ్చం వాడి కోసమే పుట్టినట్టు కూర్చుంది. వాడు గొంతుక్కూర్చుని లేచాడు. రెండుసార్లు ఎగిరాడు. చేతులు రెండూ పైకెత్తి చూశాడు. ఎక్కడా జారలేదు. వాడి మొహంలో చిన్న నవ్వు కనబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

తల నిమిరి, "పోనీలేరా, వచ్చే ఏడాది పందెంలో నువ్వే ముందు వస్తావు," అన్నాను.

వాడికి కోపం లేదు. నాకు తెలియదు గదా అని, పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "వచ్చే ఏడాది నన్ను రానివ్వరమ్మా. పదేళ్ళ లోపు వాళ్ళకే ఆ పందెం. నాకు ఈ ఏడాదే ఉంది."

పంతులుగారు బళ్ళో చెప్పారట. వాడికి మొదటినుంచీ తెలుసు. నేను అడగలేదు, వాణ్ణి చెప్పనివ్వలేదు. ఎప్పుడూ నా నోట వచ్చే ఏడాదే గదా. సుభానీ మిషను ఆపి తల దించుకున్నాడు. నేను ఆ అరుగు మీద పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను. వాడేమో, ఊరుకో అమ్మా, లాగు బాగుంది అని నా కళ్ళు తుడిచాడు.

ఇక కళ్ళు మూసుకో నా తండ్రీ.

కథ కంచికి,
కునుకు కంటికి,
కొలత ఒంటికి.