సవతిని మించిన మౌతార్గాన్

లైటు తీసెయ్యరా తేజూ. ఆ మౌతార్గాన్ దిండు కింద పెట్టు. నిన్నటిదాకా నాది పెద్దది, అక్కది చిన్నది అని మురిసిపోయావు. ఇవాళ మీ మాస్టారు ఆ పాటకి చిన్నదే బాగుంటుందన్నాడని మొహం మాడ్చుకుని కూర్చున్నావు. ఏం పాటన్నావూ, బ్లూసా? దిగులు పాట అని చెప్పొచ్చుగా. దిగులు పాటకి ఏది కొనాలో ఈ అమ్మమ్మనడుగు, నేను చెప్తాను. ఏమే మనోజ్ఞా, నవ్వుతావేం? కథ చెప్తాను, ఇద్దరూ ఊ కొట్టండి. ఊ కొట్టకపోతే మధ్యలో ఆపేసి గుర్రు పెడతాను, నా సంగతి తెలుసుగా.

అనగనగా ఒక ఊరుందిట. ఊరి పేరు నాకూ తెలీదు, తాటితోపులు మాత్రం ఎక్కువట. ఆ ఊళ్ళో గవరయ్య అని ఒకడు. వాడి పెళ్ళాం నూకాలు. ఆ నూకాలు మౌతార్గాన్‌తో దిగులు పాట వాయిస్తే గేదెలు మేత మానేసి తల ఎత్తి చూసేవిట. ఏంట్రా, ఆ రోజుల్లో మౌతార్గాన్ ఎక్కడిదీ అంటావా? కథ నీదా, నాదా? ఉందంటే ఉంది. ఊ కొట్టు.

పాపం నూకాలు దగ్గు పట్టుకుని చచ్చిపోయింది. కొన్నాళ్ళు ఏడ్చి గవరయ్య ఇంకో పిల్లని చేసుకున్నాడు. ఆ పిల్ల పేరు వరహాలు. మంచి పిల్లే. పని వచ్చు, నవ్వడం వచ్చు. కానీ ఆ ఇంట్లో ఎటు తిరిగినా నూకాలే. ముగ్గేస్తుంటే పక్కింటావిడ వచ్చి, నూకాలైతే ఇంకో మెలిక తిప్పేదమ్మా అనేదిట. పులుసు పెడితే అత్తగారు, నూకాలు పులుసులో బెల్లం ఇంకాస్త పడేదమ్మా అనేదిట. వంటింట్లో నూకాలు, వాకిట్లో నూకాలు, పప్పుగుత్తి దగ్గర నూకాలు, పాలదుత్త దగ్గర నూకాలు! ఎవరికైనా ఒళ్ళు మండదూ? మీ పెద్దమ్మమ్మ ఆవకాయని అందరూ ఆహా ఓహో అంటుంటే నాకు మండదూ? ఆ ఆవకాయలో ఏముందీ, ఉప్పు తప్ప!

సరే, ఎక్కడున్నాం? ఆ, వరహాలు. అన్నిటికంటే దానికి మండేది ఏమిటంటే, గవరయ్య రోజూ సాయంత్రం గూట్లోంచి నూకాలు మౌతార్గాన్ తీసి, పంచె చెరగుతో తుడిచి, మళ్ళీ గూట్లో పెట్టేవాడు. వాడికి వాయించడం రాదు. ఊరికే తుడవడమే. వరహాలు గుమ్మంలో నిలబడి చూసేది. పెళ్ళయ్యాక నా చెయ్యైనా అంత నెమ్మదిగా పట్టుకోలేదు గదా అనుకునేది. కుళ్ళు, పిల్లలూ, కుళ్ళు. కడుపులో పచ్చిమిరపకాయ నూరినట్టు ఉండేదిట.

ఇంతలో రాజుగారి భటుడొకడు గుర్రమెక్కి వచ్చాడు. రాజుగారి అమ్మ పోయిందిట. రాజుగారు నలుగురిలో ఏడవకూడదు గదా, ఆ ఏడుపంతా గొంతులో అడ్డం పడి తిండి సహించడం లేదుట. దిగులు పాట వాయిస్తే అందరూ ఏడుస్తారు, అందరిలో కలిసి ఆయనా ఏడ్చేస్తాడని మంత్రిగారి ఆలోచన. ఈ ఊళ్ళో నూకాలమ్మ బాగా వాయిస్తుందని విన్నాం, జాతరకి రాజుగారు వస్తున్నారు, ఆవిడ ఇల్లెక్కడా అని భటుడు అడిగాడు. ఎవర్ని అడిగాడూ? నూతి దగ్గర నీళ్ళు తోడుతున్న వరహాలునే అడిగాడు!

పోయిందయ్యా అని చెప్పొచ్చుగా? చెప్పలేదు. చేద నూతిలోకి వదిలేసి, నూకాలు కంటే నేను బాగా వాయిస్తాను, జాతరకి నేనే వస్తానని చెప్పండి అనేసింది. దానికి ఊదడమే రాదు! గవరయ్య విని నెత్తి కొట్టుకున్నాడు. రాజుగారి ముందు నవ్వులపాలైతే ఈ ఊళ్ళో నేను తలెత్తుకోగలనా అన్నాడు. అది కాదు వరహాలు బాధ. ఓడిపోతే ఇక ఆ ఇంట్లో బతికినన్నాళ్ళూ నూకాలు తర్వాతదే తను. అదీ దాని భయం. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

సరే, వరహాలు సంతకి వెళ్ళి మౌతార్గాన్‌లు అమ్మేవాడి ముందు కూర్చుంది. వాడు ముందు పది కన్నాల చిన్నది తీశాడు. అమ్మా, దిగులు పాటకి ఇదే అడుగుతారు, నూకాలమ్మగారూ ఇలాంటిదే తీసుకెళ్ళింది అన్నాడు. అంతే, వరహాలు దాన్ని పురుగుని చూసినట్టు చూసింది. దానికంటే పెద్దది చూపించు, మెరిసేది చూపించు అంది. వాడు రెండు వరసల కన్నాలున్నది ఇచ్చాడు. అందులో ఒక్కసారి ఊదితే రెండు గొంతులు కలిసి వణుకుతాయిట. ఇంటికి తెచ్చి నాలుగు రోజులు సాధన చేసి వాయించింది. ఎంత తియ్యగా ఉందనుకున్నారు! దిగులు పాట కాస్తా పెళ్ళి పాటై కూర్చుంది. అత్తగారు చెయ్యి ఊపుతూ తాళం వేసింది. ఎవరిదమ్మా పెళ్ళి అని పక్కింటావిడ తొంగి చూసింది.

వరహాలు మళ్ళీ సంతకి పరిగెత్తింది. ఈసారి ఇంకా పెద్దది, పక్కన మీట ఉన్నది తెచ్చుకుంది. మీట నొక్కితే లేని స్వరమంటూ లేదుట. నూకాలు దానిలో లేనివి కూడా నా దానిలో ఉన్నాయి అని ఊరంతా చెప్పుకుంది. వాయించింది. ప్రతి స్వరం తిన్నగా వచ్చింది, బళ్ళో పిల్లలు వరసలో నిలబడ్డట్టు. ఒక్కటీ వంగదు, ఒక్కటీ జారదు, ఒక్కటీ ఏడవదు. విన్నవాళ్ళు బాగుందమ్మా అని లేచి వెళ్ళిపోయారు. బాగుందమ్మా అంటే ఏమిటో మీకు తెలీదు గానీ, వండేవాళ్ళకి తెలుసు.

ఇదిలా ఉండగా, నూకాలు దయ్యమై ఊరి చివర తాడిచెట్టు మీద ఉందిట. ఎవరినీ ఏమీ అనదు, ముంజలు తింటూ కూర్చుంటుంది. కానీ వరహాలు ఇక్కడ నూకాలు కంటే, నూకాలు కంటే అన్నప్పుడల్లా అక్కడ దానికి పొలమారేది! ఎవరైనా తలుచుకుంటే మనకి పొలమారుతుంది గదా, దయ్యాలకీ అంతే. ముంజ నోట్లో పెట్టుకుంటే పొలమారడం, ఖళ్ళు ఖళ్ళుమని దగ్గడం. ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? ఒకనాడు మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు, పాదాలు వెనక్కి తిప్పుకుని వచ్చి పెరట్లో నిలబడింది.

వరహాలు బిగుసుకుపోయింది. నూకాలు మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని, "ఒసే చెల్లీ, బతికినప్పుడూ దగ్గే, చచ్చాకా దగ్గేనా? నన్ను ఒక్క ముంజ మింగనివ్వవేం?" అంది.

వరహాలుకి భయం పోయి ఏడుపొచ్చింది. "నువ్వు నన్ను బతకనిస్తున్నావా అక్కా? నా మొగుడు తుడిచేది నీ మౌతార్గాన్‌నే గదా!" అంది.

దయ్యం అరుగు మీద కూలబడింది. విషయమంతా విని, ముందు ఆ పెద్దవి రెండూ పక్కన పెట్టు అంది. చిన్నదే తెచ్చుకో, దాన్లో కొన్ని స్వరాలు ఉండవు, ఉండవు గనకే దిగులు పలుకుతుంది అంది. ఉన్న స్వరాన్ని కిందికి వంచి లేనిదాన్ని రప్పించాలిట. నాది మాత్రం ముట్టుకోకు, దాని లోపలి పలక చెక్కది, నా నోటి తడికి ఉబ్బిపోయి పెదాలు గీరుతుంది, నువ్వు లోపల ఇత్తడి పలక ఉన్నది తీసుకో అని కూడా చెప్పింది.

వరహాలుకి వెంటనే అనుమానం. చెక్కది మంచిదై ఉంటుంది, నేను బాగా వాయించకూడదని ఇత్తడిది చెప్తోంది అనుకుంది. చూశారా, కుళ్ళు పట్టినప్పుడు మంచి మాట కూడా చేదే. దయ్యం మొహం చూసింది. ఆ మొహంలో జిత్తులేమీ లేవు, అలసట తప్ప. సరే అని సంతకి పోయి లోపల ఇత్తడి ఉన్న చిన్నది తెచ్చుకుంది. ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. దిగులు రాలేదు. ఇంకా గట్టిగా ఊదింది. అసలే రాలేదు.

ఊదకే పిచ్చిదానా, పీల్చు అంది నూకాలు. కోపం వస్తే గాలి బయటికి పోతుంది, దిగులొస్తే లోపలికి పోతుందిట. వెక్కి వెక్కి ఏడ్చేటప్పుడు ఎలా పీలుస్తావో అలా పీల్చి, నాలుక కాస్త వెనక్కి లాగు అంది. వరహాలు పీల్చింది. స్వరం కొంచెం వంగింది, మళ్ళీ తిన్నగా అయిపోయింది. నీకంత దిగులు ఎక్కణ్ణించి వచ్చింది అక్కా, నాకెందుకు రాదూ అని అడిగింది.

అప్పుడు నూకాలు నెమ్మదిగా చెప్పింది. "దగ్గు తగ్గదని నాకు ముందే తెలిసిపోయిందే. నా తర్వాత ఒకతి వస్తుంది, ఈ పొయ్యి దగ్గర కూర్చుంటుంది, ఆయనకి అన్నం పెడుతుంది, ఆయన తింటాడు అనుకునేదాన్ని. మొహం తెలీదు, పేరు తెలీదు. దాని మీద కుళ్ళుకుని కుళ్ళుకుని వాయించానే ఆ పాట. ఊరంతా ఏడ్చింది నీ మీద నా కుళ్ళుకే."

ఊ కొట్టండర్రా.

ఇన్నాళ్ళూ వరహాలు ఎవర్ని చూసి ఏడ్చిందో, ఆవిడ తనకంటే ముందే తనని చూసి ఏడ్చింది. చెప్పేశాక నూకాలు, నా గొంతులో ఉన్నది దిగిపోయిందే చెల్లీ అని లేచి పెరటి దారిన వెళ్ళిపోయింది. ఇక ఆ తాడిచెట్టు మీద ఎవరికీ కనిపించలేదుట.

జాతర రోజు వచ్చింది. రాజుగారు ఎత్తు పీట మీద కూర్చున్నారు. మొహం రాయిలా ఉంది. వరహాలు ఆ చిన్నది తీసింది. నూకాలు కంటే బాగా వాయించాలని అనుకోలేదు ఈసారి. ముగ్గులో మెలిక, పులుసులో బెల్లం, పంచె చెరగు, అన్నీ తలుచుకుంది. పొయ్యి ముందు కూర్చుని రాబోయేదాన్ని చూసి కుళ్ళుకున్న ఆ మనిషినీ తలుచుకుంది. లోపలికి పీల్చింది. స్వరం వంగింది, వంగి వంగి, ఆ స్వరాల మధ్య లేని చోట ఒకటి పలికింది. అత్తగారు ముక్కు చీదింది. పక్కింటావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. భటుడు ఏడ్చాడు, మంత్రిగారు ఏడ్చారు, ఇంతమందిలో రాజుగారు కూడా అమ్మా అని బావురుమన్నారు. తనివితీరా ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆకలేస్తోంది అన్నారు!

తర్వాత, ఆయన విన్న పేరు నూకాలమ్మదే గదా, వరహాలుని పిలిచి, నూకాలమ్మా, ఇంత గొప్ప పాట ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని అడిగారు. ఊరంతా గుడ్లప్పగించి చూస్తోంది. ఔనని తలూపితే పేరూ దక్కుతుంది, పాటా దక్కుతుంది. వరహాలు చేతులు కట్టుకుంది.

"నేను నూకాల్ని కాదు రాజుగారూ, వరహాల్ని. పాట మా అక్కది. కుళ్ళు మాత్రం మా ఇద్దరిదీ" అంది.

రాజుగారు ఏడుస్తూనే పకపకా నవ్వారు. గవరయ్య నవ్వలేదు. జనంలోంచి తోసుకుంటూ వచ్చి, అందరి ముందూ వరహాలు చెయ్యి పట్టుకున్నాడు. నెమ్మదిగానే పట్టుకున్నాడు. ఇంటికెళ్ళి ఇంకోసారి వాయించవే అని అడిగాడు. ఆ రోజు నుంచి అందరూ సుఖంగా ఉన్నారు.

అందుకని తేజూ, కుళ్ళు వస్తే రానీ, వచ్చిందని చెప్పు. బయటికి ఊదావంటే పక్కవాళ్ళ మొహాన పడుతుంది. లోపలికి పీల్చుకుని పాట చెయ్యి. పొద్దున్న అక్కని అడిగి చిన్నది తీసుకుని వాయించు. ఇస్తుందిలే, ఇవ్వకపోతే నేనున్నాను. ఇంక కథ కంచికి బయల్దేరింది, మనం దుప్పట్లోకి బయల్దేరాం. కళ్ళు ముయ్యండి.