బాన నిండేదాకా

కూర్మనాథ పంతులు గారి దగ్గర పైడిరాజు సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. ఇంతవరకూ గురువుగారు అతన్ని ఒంటరిగా ఒక్క కచేరీకీ కూర్చోనివ్వలేదు.

గొంతు లేక కాదు. విజయనగరంలో పైడిరాజు గొంతుకి వంక పెట్టినవాళ్లు లేరు. స్వరాలు వేగంగా వెయ్యమంటే పేలాలు వేగినట్టు వేస్తాడు. చిక్కంతా నెమ్మదిగా పాడవలసిన చోట వచ్చేది. ముఖారి రాగంలో పెద్ద కీర్తన ఒకటి చెప్పారు గురువుగారు. అందులో తాళం దెబ్బ పడగానే అందుకోకూడదు. కాసేపు ఊరుకుని, అప్పుడు ఎత్తుకోవాలి. ఆ కాసేపు ఊరుకోవడం పైడిరాజు వల్ల అయ్యేది కాదు. వెంట్రుకవాసి ముందే పాటలోకి దూకేసేవాడు.

పంతులు గారు చూపుడువేలు ఎత్తేవారు. తిట్టడం, విసుక్కోవడం ఆయనకి అలవాటు లేదు. వేలు లేచిందంటే కీర్తన మళ్లీ మొదటికి వెళ్లాలి, అంతే. ఎనిమిదేళ్లుగా లేస్తున్నా ఆ వేలికి నొప్పి పుట్టలేదు.

ఆ ఏడు దసరాకి పక్క ఊరి సభవాళ్లు పైడిరాజుని పాడమని కబురు పెట్టారు. శుక్రవారంలోగా ఏ సంగతీ తేల్చి చెప్పాలి. అతనికి ఇరవై నాలుగేళ్లు నిండాయి. తనతో నేర్చుకున్నవాళ్లు అప్పుడే శాలువాలు కప్పించుకుంటున్నారు. ఈసారి కూడా గురువుగారు వద్దంటే, తనకి పాట అచ్చిరాలేదని వదిలేసి ఏ కొట్లోనో గుమాస్తాగా చేరిపోదామనుకున్నాడు. బుధవారం పాఠం అయ్యాక ధైర్యం చేసి అడిగేశాడు.

పంతులు గారు సరేనని అనలేదు, వద్దనీ అనలేదు.

"ముఖారి మీ ఇంట్లో ఎప్పుడైనా పాడావుటోయ్?"

"మా ఇంట్లో వినేవాళ్లెవరండీ? అమ్మ లేదు. నాన్న ఒక్కడే. ఆయనకి ఇవేం తెలుస్తాయి?"

"ఆయన ఏం వింటారు?"

"వినడం కాదండీ, ఆయనే పాడుకుంటాడు." పైడిరాజు నవ్వేశాడు. "పూర్వం ఏతం తొక్కేవాడు. ఆ పాట. ఒకటి, రెండు, మూడు అనుకుంటూ నూరు దాకా పోతాడు. పాటంటే పాట కూడా కాదండీ, లెక్క."

పంతులు గారు నవ్వలేదు.

"రేపు పొద్దున్న ఆయన్ని తీసుకురా," అన్నారు.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే పైడిరాజుకి దారి మరీ దగ్గరైపోయినట్టనిపించింది.

తండ్రి పేరు తవుడు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈ ఒక్కడైనా దక్కాలని పెద్దవాళ్లు పెట్టుకున్న పేరు. మోటార్లు వచ్చి ఏతాలు మూలపడి ముప్పయ్యేళ్లవుతోంది. అయినా ఆవుకి కుడితి పెడుతున్నా, దడి కడుతున్నా ఆ లెక్క తవుడి నోట్లో నలుగుతూనే ఉంటుంది. పైడిరాజు పసితనంలో ఆ పాట వింటూనే నిద్రపోయేవాడు. సంగీతం అబ్బాక, అది చెవిలో పడితే తలుపు వేసుకునేవాడు. తను సాధన చేస్తున్నప్పుడు తండ్రి గడప దగ్గరికి వస్తే గొంతు తగ్గించేసేవాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఈ చెట్టుకి ఆ సంగతి తెలుసు, పాపం. ఒక్కనాడూ ఏమీ అడగలేదు.

గురువుగారు రమ్మన్నారని వినగానే తవుడు గడ్డం గీయించుకొచ్చాడు. పెట్టెలోంచి ఉతికిన పంచె తీశాడు.

"నన్నెందుకంతావురా?"

"ఏమో." పైడిరాజు గోడకేసి చూస్తూ చెప్పాడు. "అక్కడ నిన్ను పాడమంటారేమో. రాదని చెప్పు నాన్నా. నా పరువు పోతుంది."

తవుడు పంచె మడత చేత్తో సాపు చేశాడు.

"అలాగేలే నాయినా. రాదనే సెప్తాను."

మర్నాడు పొద్దున్న పంతులు గారు గుమ్మం దాకా ఎదురొచ్చారు. స్వయంగా చాప పరిచి తవుణ్ణి కూర్చోబెట్టారు. మంచినీళ్లు ఇచ్చారు.

"మీరు ఏతం పాట పాడతారట. నాకు వినాలని ఉందండి."

తవుడు కొడుకు వైపు చూశాడు. కొడుకు నేలచూపులు చూస్తున్నాడు.

"నాకేటీ రాదు బాబుగోరూ," అన్నాడు తవుడు.

ఎక్కడా తడబడకుండా అన్నాడు. కొడుక్కి ఇచ్చిన మాట కదా! పైడిరాజుకి మాత్రం, తను నేర్పిన అబద్ధం తండ్రి నోట వినేసరికి చచ్చేంత సిగ్గేసింది.

పంతులు గారు తండ్రినీ కొడుకునీ ఒకసారి చూశారు. లేచి వెళ్లి మూలనున్న తంబురా తీశారు. దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి, తవుడికి మూరెడు వెనకగా, వట్టి నేల మీద కూర్చుని తీగలు మీటడం మొదలుపెట్టారు.



పాడేవాడి వెనక కూర్చుని తంబురా మీటేది శిష్యుడు. ముందు గురువు, వెనక శిష్యుడు. ఎనిమిదేళ్లుగా ఈ గదిలో ఆ వెనక చోటు తనది. డెబ్భై దాటిన పంతులు గారు ఎవరి వెనకైనా కూర్చున్నారంటే అది తన గురువు వెనకే. ఆయన పోయాక ఎంత పెద్ద విద్వాంసుడు ఊళ్లోకి వచ్చినా కూర్చోలేదు.

"గురువుగారూ, నేను మీటుతానండీ," అంటూ కంగారుగా లేచాడు.

"నువ్వు తాళం వెయ్యి."

తవుడికి ఈ మర్యాదలేవీ తెలియవు. పెద్దాయన ఎటు పోయారా అని మెడ తిప్పి వెతుక్కున్నాడు.

"తమరు ఎనక్కి ఎల్లిపోనారేటి బాబూ?"

"ఇక్కడ బాగా వినిపిస్తుందండి. ఈ శ్రుతి మీ గొంతుకి సరిపోతుందా?"

"కొంచెం దించాల," అనేశాడు తవుడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు. రాదన్న మాట కాస్తా గంగలో కలిసిపోయింది. బెదురుగా కొడుకుని చూశాడు.

"పాడు నాన్నా," అన్నాడు పైడిరాజు.

పంతులు గారు శ్రుతి దించారు. తవుడు లేచి నిలబడ్డాడు.

"ఇది కూకుని వొచ్చీది కాదు బాబూ. నడాల."

ఏతం చూడని వాళ్లకి ఒక మాట చెప్పాలి. నూతి పక్కన గుంజ పాతి, దాని మీద ఊగేలా పొడవాటి దూలం వేస్తారు. దూలం కొసన నీళ్లు తోడే పెద్ద పాత్ర వేలాడుతుంది. దాన్ని బాన అంటారు. పైన మనిషి ఉత్త పాదాలతో ఆ దూలం మీద ఇటు నడిస్తే బాన నూతిలోకి దిగుతుంది, అటు నడిస్తే నీళ్లతో పైకి లేస్తుంది. కింద ఇంకో మనిషి దాన్ని కాలవలోకి వంచుతాడు. పట్టుకోడానికి పైవాడికి ఏ ఆసరా ఉండదు. పాటే ఆసరా.

"అరవయ్యొకటి కాణ్నుంచి ఎత్తుకుంతాను. అంతవరకూ నాకు గొంతు లెగదు," అన్నాడు తవుడు. గది నేలలో రాతిపలకల మధ్య సందు చూసుకుని, అదే దూలమన్నట్టు దాని మీద కాలు పెట్టాడు.

"అరవయ్యొకటీ... ఆకుమడి తడిసే..."

ఆరడుగులు నడిచాడు. కొసకి చేరి ఆగాడు. మళ్లీ అదే గీత మీద వెనక్కి నడుస్తూ ఒక్క రాగం తీశాడు.

"అరవై రెండూ... అమ్మ కడుపు సల్లగా..."

ఇందులో తాళమే లేదని తేల్చేద్దామని పైడిరాజు తొడ మీద చెయ్యి వేశాడు. తర్వాతి అంకెకి అతని చెయ్యి ముందు పడింది, తండ్రి మాట తర్వాత వచ్చింది. నాన్న వెనకబడ్డాడనుకున్నాడు. అరవై నాలుగుకీ అంతే. అరవై ఏడుకీ అంతే. ప్రతిసారీ ఒక్కలాగే, వెంట్రుకవాసి ముందు, తన చెయ్యే పడుతోంది. అరవయ్యొకటి దగ్గర తండ్రి ఎంతసేపు ఆగాడో డెబ్భై దగ్గరా అంతసేపే ఆగాడు. డెబ్భై ఐదు దగ్గరా అంతే. కొలబద్ద పెట్టి కొలిచినా తేడా రాదు.

ఎనభై దగ్గర పైడిరాజు తాళం వెయ్యడం మానేశాడు.

ముసలివాడు ఆ కొసన నిలబడ్డాడు. కళ్లు దేన్నీ చూడడం లేదు. ఆయన ఆగినంతసేపూ తంబురా ఒక్కటే మోగుతోంది. రోజూ తను మీటే తంబురాయే. అందులో ఇంత నాదం ఉందని ఎనిమిదేళ్లలో తనకి తెలియలేదు. ఎప్పుడూ దాన్ని మోగనివ్వకుండా తనే అడ్డుపడిపోయాడు. ఆగిన చోట కూడా పాట నడుస్తూనే ఉంది. అది అక్కడే పెరుగుతోంది, అక్కడే బరువెక్కుతోంది. పైడిరాజుకి పుట్టినప్పటినుంచీ ఎరిగిన మనిషిని కొత్తగా చూస్తుంటే దణ్ణం పెట్టాలనిపించింది, పారిపోవాలనీ అనిపించింది.

"నూరైనాది బాబూ," అన్నాడు తవుడు, నుదురు తుడుచుకుంటూ.

పంతులు గారు వెంటనే తంబురా ఆపలేదు. కొంచెంసేపయ్యాక అడిగారు.

"అంకె అన్నాక ఆ చివర ఆగుతున్నారే, ఎందుకండీ?"

తవుడు భయపడ్డాడు. "తప్పైపోనాదేటి బాబూ?"

"కాదు, తెలుసుకుందామని."

"బాన నిండాల గదా బాబూ." ఇంత చిన్న సంగతి పెద్దాయనకి తెలియనందుకు తవుడు ఆశ్చర్యపోయాడు. "అది ములగాల, నిండాల. నిండకుండా ఎనక్కి అడుగేస్తే దూలం ఎగిరిపోద్ది. మనిషి నూతిలో ఉంతాడు." ఎడమ మణికట్టు చూపించాడు. అది వంకరగా అతుక్కుని ఉంది. "ఒక్కపాలి తొందరపడినాను."

"నిండిందని పైనున్న మీకెలా తెలుస్తుంది?"

"నాకేటి తెలుసు బాబూ! అరికాలికి తెలుస్తాది."

పంతులు గారు తంబురా కొంచెం పైకి శ్రుతి చేశారు. కూర్చున్న చోటునుంచి మాత్రం కదల్లేదు.

"ముఖారి ఎత్తుకో," అన్నారు శిష్యుడితో.

తవుడు చాప మీద కూర్చున్నాడు. పైడిరాజు ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకోబోయి, మానేసి, తండ్రి పాదాల వైపు చూశాడు. తాళం దెబ్బ పడింది. అతను ఊరుకున్నాడు. తంబురా మోగుతోంది. అతను ఇంకా ఊరుకున్నాడు. చాప మీద తవుడి బొటనవేలు మెల్లిగా ఒత్తుకుంది. పాట వచ్చింది. తను ఎత్తుకున్నట్టు లేదు, అదే లేచి వచ్చినట్టుంది.

కీర్తన పూర్తయ్యేదాకా పంతులు గారి వేలు తంబురా తీగల మీదే ఉంది.

తవుడు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకుంటే చాలలేదు.

"ఇంత సల్లగా ఉంతాదేట్రా నీ పాట! ఇంటికాడ నానొస్తే గొంతు తగ్గించీసీవోడివి. నాలాటోడు ఇంటే దోసమేమో అనుకునీవోణ్ని."

పైడిరాజు లేచి, చాప మీద తండ్రి పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"దసరాకి వస్తున్నానని సభవాళ్లకి ఈవేళే రాసెయ్," అన్నారు పంతులు గారు. ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన మాట. అది విని పైడిరాజు గంతులు వెయ్యలేదు. కన్నీళ్లతో వెళ్లి గురువుగారి పాదాల మీదకి వంగాడు.

పంతులు గారు కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

"వెనక కూర్చున్నవాడికి కాదురా దణ్ణం," అన్నారు.