ఎర్రమ్మకు నోరు తిరగని బిరుదులు

నాగులవరం రాజా జగన్నాథ భూపతికి బిరుదులంటే ప్రాణం. ఆయన దగ్గినా సరే, వందిమాగధులు ఆ దగ్గుకో బిరుదు తగిలించాల్సిందే. ఓ ఉదయం ఆయనకో సరదా పుట్టింది.

"మన ఊళ్ళో లూథరన్ పాస్టరుగారున్నారు. మలయాళ దేశం నుంచి వచ్చిన ఆర్థడాక్స్ గురువుగారున్నారు. ఎవరి బిరుదు గొప్పదో తేల్చండి. గెలిచినవారికి దర్బారులో మొదటి ఆసనం!"

తేల్చే పని ఆస్థాన చమత్కారి లక్కరాజు భావన్న నెత్తిన పడింది.

భావన్నకు నవ్వు రాలేదు. గాజులమ్మే ఎర్రమ్మ సంగతి ఆయనకు తెలుసు. బాప్తిస్మం కోసం ఆమె ముందు పాస్టరుగారి దగ్గర చేరింది. ఉపదేశమంతా నేర్చుకుంది గానీ, 'పరమపూజ్య రెవరెండ్ డాక్టర్ ఉపదేశ చక్రవర్తి బెంజమిన్ అయ్యగారు' అనలేకపోయింది. ఉబ్బసం మనిషి. 'డాక్టర్' దగ్గరికొచ్చేసరికి ఊపిరి అందేది కాదు.

"గురువును పిలవడం రానిదానికి బాప్తిస్మమా?" అని పాస్టరుగారు పంపేశాడు.

ఆర్థడాక్స్ చర్చికి వెళితే, 'అతివందనీయ కోరెపిస్కోపా ధర్మభాస్కర మత్తాయి అచ్చన్ వారు' దగ్గర నాలుక మడతపడింది. అక్కడా అదే జవాబు.

"నేను పోయేలోగా ఆ నీళ్ళు నా నెత్తిన పడతాయా బాబూ?" అని మొన్ననే భావన్న గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

దర్బారు కిక్కిరిసింది. గురువులిద్దరూ ఒకరిని మించిన అంగీ ఒకరు తొడుక్కొచ్చారు. భావన్న ఎర్రమ్మను ముందుకు పిలిచాడు.

"ఈమె ఇద్దరి దగ్గరా నేర్చుకుంది ప్రభూ. ముందుగా ప్రార్థన చేయిద్దాం."

ఎర్రమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. "పరలోకంలో ఉన్న మా తండ్రీ..."

"ఆపు!" భావన్న గుడ్లురిమాడు. "ఆకాశాన్నీ భూమినీ చేసినవాణ్ణి ఉత్త 'తండ్రీ' అంటావా? ముందొక శ్రీ లేదు, వెనకొక గారు లేదు! ఇంత మొరటుగా పిలిస్తే ఆయన పలుకుతాడా?"

ఎర్రమ్మ కళ్ళు తెరిచింది. పాస్టరుగారు చటుక్కున లేచాడు.

"తప్పు, భావన్నగారూ! అలా పిలవమని క్రీస్తు ప్రభువే నేర్పాడు. బిడ్డ తండ్రిని పిలవడానికి బిరుదులెందుకు?"

"నిజం," అన్నాడు ఆర్థడాక్స్ గురువు మత్తాయి అచ్చన్. ఆ ఇద్దరికీ మాట కలవడం ఊళ్ళో అదే మొదలు. "నాలుక తడబడినా దేవుడు పలుకుతాడు."

"ఖాయమేనా?"

"ఖాయం!" అన్నారిద్దరూ.

భావన్న రాజుగారి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

"అయితే పోటీలో ఓడిపోయింది దేవుడు, ప్రభూ! ఆయన ఒక్క మాటకే పలుకుతాడట. వీరు పూర్తి బిరుదు చదివితే గానీ పలకరు. వీరిద్దరినీ ఆయన కన్నా పైన కూర్చోబెట్టండి!"

రాజుగారు తలపాగా జారిపోయేలా నవ్వాడు. దర్బారంతా గొల్లుమంది. పాస్టరుగారు తన చెప్పుల వంక చూసుకున్నాడు. అచ్చన్ గడ్డం సవరించుకుంటూ దగ్గాడు.

"ఆదివారం రామ్మా. 'అయ్యా' అంటే చాలు," అన్నాడు పాస్టరుగారు.

"మా దగ్గర శనివారమే ఇచ్చేస్తాం!" అన్నాడు అచ్చన్.

మళ్ళీ నవ్వులు. రాజుగారు తన పట్టుశాలువా తీసి భావన్న భుజాన కప్పుతుంటే, ఎర్రమ్మ ఎవరినీ పట్టించుకోకుండా కళ్ళు మూసుకుని, ఆగిన చోటి నుంచి ప్రార్థన అందుకుంది.